పాళెగాళ్ల ఆటలో బెదురు నియమం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం భోంచేసి, జమ్మలమడుగులోని మా ఇంటి వరండాలో పేపరు మొహం మీద కప్పుకొని కునుకు తీస్తూ ఉండగా, కడపలో కాలేజీలో పాఠాలు చెబుతానంటూ ఒక అమ్మాయి వచ్చి, చేతిసంచిలోంచి పలచటి పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. అట్ట రంగు వెలిసిపోయింది, అంచులు పురుగు కొట్టాయి, అయినా గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. ఎందుకంటే అది నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాసి అచ్చు వేయించిన పుస్తకం, నా పేరుతో వెలువడిన ఒకే ఒక్క పుస్తకం. ఇంకెవరైనా అయితే పొంగిపోయేవాళ్లు. నాకు మాత్రం భయం వేసింది. తన తాత ఎవరో ఆ అమ్మాయి చెప్పాక కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. ఆమె తాత పులివెందుల అవతల, లింగాల వైపు ఒక పల్లెలో పెద్దమనిషి. ఆ పల్లె పేరు నేను రాయను. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఆ గొడవలూ చల్లారిపోయాయి, అయినా రాయను. ఆ రోజుల్లో ఆ వైపు ఊర్లలో తిరిగినవాళ్లు నన్ను అర్థం చేసుకుంటారు.

నేను పుట్టుపిరికిని. ఈ మాట సిగ్గుపడి చెప్పడం లేదు, ముక్కు వంకరగా ఉన్నవాడు ఉందని చెప్పుకున్నట్టే చెబుతున్నాను. చిన్నప్పుడు పెన్నలో నడుము లోతు నీళ్లకే ఒడ్డున కూర్చుని ఏడ్చినవాణ్ణి, పెద్దయ్యాక బస్సు కొంచెం వేగం అందుకుంటే ముందు సీటు కడ్డీ వదలనివాణ్ణి. అలాంటివాడికి యుద్ధాల పిచ్చి ఎందుకు పట్టిందంటే, బహుశా అందుకే పట్టి ఉంటుంది. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ప్రొద్దుటూరులో పాత పుస్తకాల కుప్పలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో పెద్ద పెద్ద మనుషులు, మీసాలవాళ్లు, బల్ల చుట్టూ నిలబడి, చిటికెనవేలిలో సగమంత సైనికుల బొమ్మలను వరసలు కట్టి, స్కేలుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి, ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాలను మళ్లీ ఆడుతున్న ఫోటోలు ఉన్నాయి. ఆ ఆటకు పుస్తకం నిండా నియమాలు ఉంటాయట. కాలిబంటు ఒక వంతుకు ఎన్ని అంగుళాలు నడుస్తాడు, గుర్రం ఎంత దూరం పోతుంది, కొండ ఎక్కేటప్పుడు ఎంత తగ్గించాలి, ఇలాగన్నమాట. ఆ పత్రిక చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేకపోయింది. గండికోట మా ఊరికి దగ్గర్లోనే ఉంది, పాళెగాళ్లు తిరిగిన కొండలూ వంకలూ చుట్టూ ఉన్నాయి, మన యుద్ధాలకు మన నియమాలు ఎందుకు ఉండకూడదని పట్టుబట్టి కూర్చున్నాను.

బొమ్మలు చేసిపెట్టినవాడు మా పక్కింటి కళాయి మామ. ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి వేసే సాయిబు ఆయన, నాకు ఏ వరసా కాకపోయినా ఊహ తెలిసినప్పటి నుంచి మామా అనే పిలిచేవాణ్ణి. ప్రొద్దుటూరులో నా సొంత మేనమామకు పెళ్లి కార్డులూ కరపత్రాలూ వేసే చిన్న అచ్చాఫీసు ఉండేది. అక్కడ అరిగిపోయి పక్కన పారేసిన సీసపు అక్షరాలను నేను గోనెసంచిలో మోసుకొచ్చేవాణ్ణి, కళాయి మామ వాటిని తన కొలిమిలో కరిగించి, బంకమట్టి అచ్చుల్లో పోసి, ఈటె పట్టినవాడు ఒకడు, తుపాకి పట్టినవాడు ఒకడు, గుర్రం మీదవాడు ఒకడు, ఇలా వందకు పైగా చేసి ఇచ్చాడు. గుర్రాల తోకలు మాత్రం ఎప్పుడూ సరిగ్గా రాలేదు, చూసినవాళ్లు కుక్కలా అని అడిగేవాళ్లు. సగం మందికి ఎర్ర రంగు, సగం మందికి పసుపు రంగు నేనే వేశాను. ఆదివారాలు బడి తాళం అడిగి తీసుకొని, బల్లలు రెండు కలిపి, కింద పుస్తకాలు పేర్చి పైన దుప్పటి పరిచి కొండలు చేసి, నేనూ మామా ఆడేవాళ్లం. ఆడిన ప్రతిసారీ ఒక నియమం మార్చేవాణ్ణి. ఆరు నెలల్లో నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. కానీ ఆటలో ఏదో లోపం ఉండేది. ఎన్నిసార్లు ఆడినా రెండు వైపులా ఆఖరి మనిషి పడేదాకా సాగేది, పొద్దున మొదలుపెట్టింది సాయంత్రానికీ తేలేది కాదు, మామ మధ్యలో గోడకు ఆనుకొని గురక పెట్టేవాడు. అది మన వీరుల గొప్పతనం అని నాకు నేను చెప్పుకొని సరిపెట్టుకున్నాను.

మేనమామ ముచ్చటపడి పుస్తకం తానే వేస్తానన్నాడు. పెళ్లి కార్డులు వేసి వేసి విసుగెత్తిందిరా, ఒక్కసారన్నా యుద్ధం వేస్తాను అని నవ్వేవాడు. పుస్తకం చివర ఆడుకోవడానికి ఒక నిజమైన చోటు పటం మడతపెట్టి అతికించాలని నా కోరిక. దానికి నేను ఎంచుకున్నది మా అక్క మెట్టినూరి పొలిమేరలోని వంక, వానాకాలంలో తప్ప నీళ్లు పారని వాగు. దారి అక్కడ వంకలోకి దిగి, ఒక మట్టిదిబ్బ పక్కగా మలుపు తిరిగి మళ్లీ పైకి ఎక్కుతుంది. పూర్వం పాళెగాని మనుషులు ఆ దిబ్బ వెనకే పొంచి ఉండి దండును అడ్డగించేవాళ్లని ఆ ఊరి ముసలివాళ్లు చెప్పేవాళ్లు. గుర్తున్నంతవరకు పటం గీసి మేనమామకు ఇచ్చి, దూరాలు ఒకసారి సరిచూసుకొని వస్తానని ఎండాకాలం సెలవుల్లో పులివెందుల బస్సు ఎక్కాను.

ఇప్పుడు తలచుకుంటే నా బుద్ధి ఎక్కడ మేయడానికి పోయిందో తెలియదు. ఆ ఊరు రెండు వర్గాలుగా చీలి అప్పటికి పదేళ్లు దాటింది. ఇద్దరు పెద్దమనుషులు, రెండు వీధులు, రెండు బావులు. మా బావ ఎవరి వైపూ కాకుండా, ఇద్దరికీ దండం పెట్టుకుంటూ, నలుగురు పిల్లలతో నెట్టుకొస్తున్నాడు. అందులో ఒక పెద్దమనిషి, ఈ అమ్మాయి తాతే, పులివెందుల కోర్టులో వాయిదా ఉన్నప్పుడల్లా జీపులో ఆ వంక మలుపు దాటే పోతాడు, ఆ మలుపులో జీపు నెమ్మదించక తప్పదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, ఒక పొద్దున పది అడుగులకొక ముడి వేసిన తాడు, చేతి గడియారం, నోటుపుస్తకం పట్టుకొని ఆ దిబ్బ దగ్గరికి పోయాను. నా కళ్లకు పాళెగాళ్లే తప్ప ఇంకేమీ కనిపించలేదు. దిబ్బ వెనక పడుకొని చూశాను. అక్కడి నుంచి దారి దాకా గడియారం చూసుకుంటూ పరుగెత్తాను, మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ పరుగెత్తాను. ఇద్దరు గొర్రెలకాపరులు కర్రల మీద గడ్డం ఆనించి నన్నే చూస్తుంటే, చెయ్యి కూడా ఊపాను.

మధ్యాహ్నానికి బావ పొలం నుంచి ఇంటికి వచ్చాడు. గొర్రెలకాపరుల మాట అప్పటికే ఊరంతా పాకింది. పొద్దున నేను ఎక్కడికి పోయానని అడిగాడు. చెప్పాను. చెబుతూ ఉండగానే, నోట్లోంచి మాటలు బయటికి వస్తూ ఉండగానే, నేను చేసిన పని ఏమిటో నాకు అర్థమైంది. గడప మీదే కూర్చుండిపోయాను. అక్క నన్ను తిట్టలేదు. చిన్నబిడ్డను చంకలోకి ఎత్తుకొని, నా వైపు చూడకుండా, “మేము ఈడ్నే బతకల్ల గదరా” అని మాత్రం అంది. జీపును అడ్డగించి చంపడానికి దారి కొలిచి రమ్మని నన్ను ఎవరో పంపారని ఆ పెద్దమనిషి నమ్మితే నాకేమవుతుందన్నది తరవాతి సంగతి, నేను బస్సెక్కి పోయేవాణ్ణి. బావ ఇన్నేళ్లు దండాలు పెట్టి కాపాడుకున్న ఆ ఇల్లు, ఆ నలుగురు పిల్లలు ఆ ఊర్లోనే ఉండాలి.

అరగంటకు ఇద్దరు వచ్చారు. కోపంగా కూడా లేరు, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చారు. “పెద్దాయన పిలుస్తాండాడు సార్. ఆ పుస్తకం గూడా తెచ్చుకోమన్యాడు” అన్నారు. బావ తానూ వస్తానంటే వద్దన్నారు. ఆ మాటతో నాకు ఇంకా భయం వేసింది. బొమ్మలున్న గుడ్డమూట నా సంచిలో ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు, వట్టి చేతులతో పోలేక వేసుకొని ఉంటాను. ఆ వీధిలో నడుస్తుంటే తలుపులు తెరిచే ఉన్నాయి గానీ ఒక్కరూ బయటికి తొంగిచూడలేదు. నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది.

ఎత్తు గోడలు, ఒక మనిషి మాత్రమే పట్టే తలుపు, లోపల వసారా నిండా మనుషులు. ఆయన్ను నేను మీసాలు మెలితిప్పిన భారీ మనిషిగా ఊహించుకున్నాను. చూస్తే బక్కపలచటి పెద్దవయసాయన, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి, నులకమంచం మీద గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. నా నోటుపుస్తకం తీసుకొని వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క పేజీ తిప్పాడు. అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు. దిబ్బ వెనక ముప్పై మంది దాగవచ్చు. మలుపులో బండ్లు నెమ్మదిస్తాయి. దారి చేరడానికి పన్నెండు సెకండ్లు. నాయకుని మీద మొదటి దెబ్బకు రెండు పాచికలు. ఒక మనిషిని ఉరి తీయడానికి ఇంతకంటే రాత ఏం కావాలి? ఆయన పుస్తకం మూసి, “ఎవురు రాయమన్యారప్పా ఇది?” అని అడిగాడు. గొంతు పెంచలేదు. ఆట అని చెప్పాలనుకుంటే శబ్దం రాలేదు. చివరికి సంచిలోంచి మూట తీసి, ముడి విప్పడం చేతకాక, గుడ్డ చించి నేల మీద బోర్లించాను. ఎర్రవాళ్లూ పసుపువాళ్లూ కలగలిసి దొర్లారు, ఒక గుర్రం పోయి ఆయన మంచం కోడు దగ్గర ఆగింది.

ఆయన దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది కుక్కనా?” అన్నాడు. వసారాలో ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. గుర్రం అని చెప్పాను, అదే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట. అయితే ఆడి చూపించమన్నాడు. నిజంగా ఆటే అయితే ఆడగలగాలి కదా, అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది. గోనెపట్ట పరిచి, తువ్వాళ్లు చుట్టి దిబ్బలు చేశాను. దారిన పోయే ఎర్ర దండు ఆయన తీసుకున్నాడు, పొంచి ఉన్న పసుపువాళ్లు నాకు మిగిలారు. ఇంతకంటే ఘోరం ఇంకొకటి లేదు. నేను ఆయన మనుషుల మీద దాడి చేయాలి, గెలిస్తే ఒక భయం, కావాలని ఓడిపోతే కనిపెడతాడేమోనని ఇంకొక భయం. పాచికలు వేస్తే పట్ట దాటి వసారా మెట్ల దాకా దొర్లిపోయేవి, వసారాలోని మనుషుల్లో ఎవరో ఒకరు పోయి పడిన సంఖ్య చదివి తెచ్చి ఇచ్చేవాళ్లు.

ఆయనవి మూడు బొమ్మలు పడ్డాయి. మళ్లీ పాచిక వేయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకొని ఆపాడు. “ఇంగ మిగిలినోళ్లు ఈడ్నే నిలబడి కొట్టుకుంటారా?” అని అడిగాడు. అవునన్నాను. “యాడ జూసినావప్పా ఇట్లాంటి మనుషుల్ని? శానా రాసినావు గానీ భయం రాయల్యా నువ్వు.” ఆ తరవాత చాలాసేపు ఆయనే మాట్లాడాడు, నేలవైపు చూస్తూ, ఎవరికో అప్పగిస్తున్నట్టు. భయం ముందు వరసలో పుట్టదట, వెనకవాళ్లకు ఏమీ కనపడక చప్పుడు మాత్రమే వినపడుతుంది కాబట్టి వాళ్లు ముందు పరుగెడతారట. పరుగెత్తేవాడు శత్రువు లేని దిక్కు చూసుకొని పోడట, ఎక్కడున్నా సరే తన ఇంటి వైపే పోతాడట. పక్కన తోడబుట్టినవాడు ఉంటే నిలబడతాడట, వాడు పడితే మాత్రం ఇక ఎవరు ఆపినా ఆగడట. ఆయన చెబుతుంటే వసారాలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఈ మాటలు ఆయన ఎవరి దగ్గరో విని చెబుతున్నవి కావని నాకు తెలిసిపోయింది. ఆయన కూడా ఎక్కడో ఎప్పుడో పరుగెత్తాడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది నేను కాదేమో అని అప్పుడు ఒక్క క్షణం అనిపించింది.

పుస్తకం ప్రొద్దుటూరులో మేనమామ అచ్చాఫీసులో వేస్తున్నామని, చివర పటం ఉంటుందని ఆట మధ్యలో నేనే చెప్పేశాను. నోటుపుస్తకం నా చేతికి తిరిగి ఇస్తూ, ఆట పుస్తకం వేసుకో, కానీ ఆ వంక పటం మాత్రం అందులో రాకూడదు అన్నాడు. సరేనని చేతులెత్తి మొక్కాను. ఇంటికి వచ్చేసరికి అక్క గడపలోనే ఉంది. నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, లోపలికి పోయి అన్నం పెట్టింది. సాయంత్రం బస్సుకు పంపించేసింది. ఆ తరవాత ఎన్ని పండుగలు వచ్చినా అక్క మా ఇంటికి వచ్చిందే గానీ నన్ను వాళ్ల ఊరికి ఒక్కసారి కూడా రమ్మనలేదు.

నేరుగా ప్రొద్దుటూరులో దిగి అచ్చాఫీసుకు పోతే, మేనమామ నవ్వుతూ ఒక కట్ట నా ముందు పెట్టాడు. నేను వచ్చేలోపు ఆశ్చర్యపరచాలని పటం రెండు వందల కాగితాలూ వేసేశాడు! వంక, దిబ్బ, మలుపు, బాణం గుర్తులతో సహా ఉన్నాయి. కట్ట ఎత్తుకొని జమ్మలమడుగు వచ్చి కళాయి మామ కొలిమి ముందు కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెడుతూ మంటలో వేశాను. నూట తొంభై తొమ్మిదే ఉన్నాయి. మళ్లీ ప్రొద్దుటూరు పోయి అచ్చాఫీసు మూలమూలా వెతికాను, చెత్తబుట్టలు బోర్లించాను. సిరా తుడుచుకొని పారేసి ఉంటాంలేరా అన్నాడు మేనమామ. నేను నమ్మలేదు.

భయం గురించి ఒక అధ్యాయం చేర్చి పుస్తకం వేశాం. దానికి బెదురు నియమం అని పేరు పెట్టాను. దండులో మూడో వంతు పడగానే వెనక వరస నుంచి మొదలుపెట్టి పాచిక వేయాలి, తప్పినవాడు తన ఇంటి వైపు పరుగెడతాడు, ఇలా ఆయన చెప్పినదంతా అంగుళాల్లోకి మార్చాను. ఆట నిజంగానే బాగుపడింది. గంటన్నరలో తేలిపోయేది, కళాయి మామ గురక పెట్టడం మానేశాడు. ఖాజీపేట, పెండ్లిమర్రి వైపు నుంచి ఒకరిద్దరు టీచర్లు బాగుందని ఉత్తరాలు కూడా రాశారు. నాకు సంతోషం అనేదే లేదు. ఆ ఒక్క కాగితం ఎవరి చేతిలో ఉంది? ఆ ఊర్లో రెండో పెద్దమనిషి చేతికి చేరితే? ఏళ్ల తరబడి, పేపరు రాగానే మొదట జిల్లా పేజీ తీసి ఆ ఊరి పేరు కోసం వెతికేవాణ్ణి. పులివెందుల అన్న మాట కనిపిస్తే చాలు ఆ వార్త రెండుసార్లు చదివేవాణ్ణి. పెళ్లయ్యాక నా భార్య ఇదేమి చదువు అని నవ్వేది, ఆమెకూ చెప్పలేదు. చివరికి ఆ రోజు నన్ను పిలిపించిన పెద్దాయన ముసలితనంతో, ఆస్పత్రి మంచం మీద పోయాడని బావ చెప్పినప్పుడు, సాటి మనిషి చావు విని ఇంత ఊరట పొందవచ్చా అని సిగ్గుపడ్డాను.

ఆ అమ్మాయి నా చేతిలో పెట్టిన పుస్తకం చివర, మడతలు పెట్టి అన్నంమెతుకులతో అతికించిన ఒక కాగితం ఉంది. ఆ రోజు లెక్కకు దొరకని రెండు వందలవ పటం అదే. నేను ఆయన ఇంటి నుంచి బయటపడిన గంటలోనే ఒక మనిషిని ప్రొద్దుటూరుకు పంపాడట. నేను అచ్చాఫీసు మెట్లెక్కేలోపే ఆ మనిషి కార్డుల బేరం పేరు చెప్పి ఒక కాగితం తీసుకొని వెళ్లాడట. మిగతావి నేను కాల్చేశానని కూడా ఆయనకు తెలుసట. తరవాత పుస్తకమూ తెప్పించుకున్నాడు. చివరి ఏళ్లలో గడప దాటి బయటికి రావడానికే ఆయన ఒప్పుకునేవాడు కాదని, ఇంట్లో కూర్చుని గింజలనే సైనికులుగా పేర్చి మనవరాళ్లతో ఈ ఆటే ఆడేవాడని ఆ అమ్మాయి చెప్పింది. “మా జేజినాయన చానా భయస్తుడు సార్, ఊరోళ్లకు తెలీదు గానీ” అంది, ఏదో ముద్దుగా.

ఇప్పుడు ఆమె ఈ పుస్తకాన్ని మళ్లీ వేస్తుందట, నా అనుమతి కోసం వచ్చింది. కాకపోతే తాత దిద్దిన ఒక దిద్దుబాటుతో వేస్తానంటుంది. బెదురు నియమం ఉన్న పేజీ తీసి చూపించింది. దాని కింద చివరి వాక్యం నా సొంతం, ఆయన చెప్పింది కాదు. బెదిరి బల్ల దాటిన సైనికుణ్ణి చచ్చినవానితో సమానంగా లెక్కించాలి అని రాశాను, ఎందుకంటే ఆ ఇంగ్లీషు పత్రికలో అలాగే ఉంది. దాని మీద పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన వణికిన చేతిరాతతో ఒక్క ముక్క రాసి ఉంది. “తప్పు. వీడు బతికినాడు.”

అలాగే వేయమన్నాను. పటం మాత్రం వద్దన్నాను. ఆ అమ్మాయి నవ్వి, ఆ వంక మీద ఇప్పుడు వంతెన కట్టారని, దిబ్బను ఎప్పుడో తవ్వేశారని, ఫోను తెరిస్తే ఆ మలుపు ఎవరికైనా ఆకాశం నుంచి కనిపిస్తుందని చెప్పింది. నిజమే. కళాయి మామ పోయాడు, ఆయన కొడుకులు కువైటులో ఉన్నారు, మేనమామ అచ్చాఫీసు ఉన్నచోట ఫ్లెక్సీలు వేస్తున్నారు, సీసపు అక్షరం చేత్తో పట్టుకున్నవాడు మా తరంలోనే అరుదు. అక్క పిల్లలు ఆ ఊర్లోనే ఏ వీధిలోకైనా ధైర్యంగా పోతున్నారు, తాడు పట్టుకొని ఎవడైనా దారి కొలిస్తే రోడ్డు వేయడానికి వచ్చాడనుకుంటారు. ఇన్ని మారాక కూడా నేను పటం వద్దన్నాను, ఆ అమ్మాయి నా మాట కాదనలేదు. ఆమె వెళ్లాక ఆ పెన్సిలు రాత చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. జీవితమంతా బల్ల దాటిపోయినవాళ్ల లెక్కలోనే నన్ను నేను వేసుకున్నాను, ఆయన కూడా తనను అక్కడే వేసుకొని ఉంటాడు. ఇద్దరమూ ఇంటికి చేరినవాళ్లమేనని ఒక్కసారి ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పి ఉండవలసింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఊరికి పోవడానికి భయపడ్డాను.